ఏ ఆత్మకూరు?

మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే ముచ్చట ఒకటుంది. కర్నూల్లో ఉండే మా బంధువు ఒకాయన కూతురి పెళ్లి శుభలేఖ మీద మా తాతగారి పేరు, కింద ‘ఆత్మకూరు’ అని మాత్రం రాసి తపాలా డబ్బాలో వేశాడు. కర్నూలు వాళ్లకు ఆత్మకూరు అంటే నల్లమల అంచున ఉన్న ఆత్మకూరే. శుభలేఖ నేరుగా అక్కడికే వెళ్లింది. అక్కడి పోస్ట్‌మ్యాన్ ఊరంతా వెతికి, ఎవరో పుణ్యాత్ముడు ‘నెల్లూరు జిల్లా ఆత్మకూరేమో చూడండి’ అంటే ఇటు తిప్పాడు. మాకు చేరేసరికి పెళ్లికూతురు కాపురానికి కూడా వెళ్లిపోయింది!

తప్పు ఎవరిదంటారు? రాసినాయనకు ఊరి పేరు తెలుసు. పోస్ట్‌మ్యాన్‌కు చదవడం వచ్చు. పేరులో అక్షరం కూడా పొల్లుపోలేదు. అయినా ఉత్తరం దారి తప్పింది. ఎందుకంటే ఆత్మకూర్లు చాలా ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి, అనంతపురం జిల్లాలో ఒకటి. తెలంగాణకు వెళ్తే వనపర్తి జిల్లాలో ఒకటి, హనుమకొండ జిల్లాలో ఇంకొకటి. ఇవి చాలవన్నట్టు నెల్లూరు నగరంలో ‘ఆత్మకూరు బస్టాండు’ ఉంది. అసలు ఆత్మకూరు అక్కడికి యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఏ ఊళ్లో నిలబడి అడుగుతున్నామన్న దాన్నిబట్టి ఆ పేరుకు అర్థం మారిపోతుంది.

ఈ వారం కంప్యూటర్ కబుర్లకు ఈ ఉత్తరం గొడవేమిటి అనుకుంటున్నారా? సరిగ్గా ఇదే గొడవ మొన్న ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ రూపంలో వచ్చింది.

రాత్రి పదకొండు గంటల ఫోను

ఫోన్ చేసింది ఆత్మకూరులో ఉండే మా మేనకోడలు. ఇంజినీరింగ్ చివరి ఏడాది. మర్నాడు ప్రాజెక్టు రివ్యూ.

‘‘మామా, నిద్రపోయావా?’’

‘‘ఇంకా లేదులే, ఏందమ్మా ఈ టయాన?’’

‘‘నాకు ఇది రాదు మామా. మూడు రోజుల నుంచి ఒకటే ఎర్రక్షరాలు. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట విరిగిపోతుండాది. నా బుర్రకు ఈ కంప్యూటర్ ఎక్కదు. డీఎస్సీ రాసుకుంటా.’’

టీచరు ఉద్యోగం మంచిదే. దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ‘నా బుర్రకు ఎక్కదు’ అన్న మాట దగ్గర మాత్రం గుండె కలుక్కుమంది. అందుకే లేచి కూర్చున్నాను.

ఆ పిల్ల ప్రాజెక్టు చక్కటిది. ఉదయగిరి చెక్క చెంచాల గురించి మీరు వినే ఉంటారు. నర్ది, బిక్కి లాంటి అడవి కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేత్తో చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు కూడా దక్కిన పని అది. ఈమె స్నేహితురాలి ఇల్లు ఉదయగిరిలోనే. వాళ్ల ఇంట్లో చేసిన సరుకు అమ్మడానికి ఇద్దరూ కలిసి ఒక వెబ్‌సైటు తయారుచేస్తున్నారు. మనం ఫోన్లో ‘ఆరు చెంచాలు, రెండు గరిటెలు’ అని నొక్కగానే సరుకు ధర, బరువునుబట్టి పోస్టు ఖర్చు కలిపి మొత్తం ఎంతో చూపించాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. ధర మన ఫోన్లోని బ్రౌజర్‌లో, అంటే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి దానిలో, వెంటనే కనిపించాలి. కానీ ఆ లెక్కను అమ్మేవాళ్లు నమ్మకూడదు. తెలివైన వాడెవడైనా తన బ్రౌజర్‌లో లెక్క మార్చేసి ‘ఆరు చెంచాలు ఆరు రూపాయలు’ అని పంపగలడు. కాబట్టి ఆర్డరు అందుకున్న సర్వర్, అంటే అమ్మేవాళ్ల వైపు కంప్యూటరు, అదే లెక్కను మళ్లీ వేయాలి.

లెక్క రెండుచోట్ల రాస్తే? మొదట బాగానే ఉంటుంది. ఒకరోజు పోస్టు ఛార్జీ పెరుగుతుంది. ఒకచోట మారుస్తారు, రెండోచోట మరిచిపోతారు. తెర మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర. కొన్నవాడు ‘మోసం’ అంటాడు. చెంచా చెక్కిన మనిషికి ఈ జావాస్క్రిప్ట్ సంగతి ఏమీ తెలియదు, మాట మాత్రం ఆయనకే పడుతుంది. అందుకే మా పిల్ల తెలివిగా ఆలోచించి లెక్కను ఒకే ఫైలులో పెట్టింది. దాన్నే సర్వరూ పిలవాలి, బ్రౌజరూ పిలవాలి. ఇలా ఒక ఫైలులో రాసిన పనిని ఇంకో ఫైలులోకి పిలిపించుకోవడాన్నే ‘ఇంపోర్ట్’ అంటారు. ఇలా పిలిపించుకునే ఫైలును ‘మాడ్యూల్’ అంటారు.

ఆలోచన నూటికి నూరుపాళ్లు సరైనది. మరి ఎర్రక్షరాలు ఎందుకొచ్చాయి?

ఒక భాష, రెండు కాపురాలు

దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. జావాస్క్రిప్ట్‌ను 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో మొదటి రూపానికి తెచ్చాడు. అప్పట్లో దాని పని చిన్నది. పేజీలో బటన్ నొక్కితే ఏదో కదలాలి, ఫారంలో పేరు రాయకపోతే హెచ్చరించాలి. అంత చిన్న పనికి ఇంకో ఫైలును పిలిచే అవసరం ఏముంటుంది? అందుకే భాషలో ఇంపోర్టే పెట్టలేదు.

2009లో రయాన్ డాల్ అనే ఆయన నోడ్ జేఎస్‌ను తెచ్చాడు. అప్పటిదాకా ప్రధానంగా బ్రౌజర్‌లో కాపురముంటున్న భాషను సర్వర్ మీదికి తీసుకెళ్లాడు. సర్వర్ మీద పెద్ద పనులు, వందల ఫైళ్లు. ఒకదాన్నొకటి పిలవాలి. భాషలో ఆ మాట లేదు కాబట్టి ‘కామన్ జేఎస్’ అనే పద్ధతిని పట్టుకున్నారు. అందులో పిలిచే మాట ‘రిక్వైర్’. సర్వర్‌లో ఫైళ్లన్నీ పక్కనే డిస్కులో ఉంటాయి. పిలిస్తే తక్షణం పలుకుతాయి. బ్రౌజర్‌కు ఆ సుఖం లేదు. ప్రతి ఫైలూ నెట్ మీదుగా ఎక్కడినుంచో రావాలి. వచ్చేదాకా పేజీని స్తంభింపజేసి కూర్చోలేదు. కాబట్టి రిక్వైర్ బ్రౌజర్‌లోకి అడుగుపెట్టలేదు.

2015లో భాష ప్రమాణంలోనే ‘ఇంపోర్ట్’, ‘ఎక్స్‌పోర్ట్’ అనే మాటలు చేరాయి. హమ్మయ్య అనుకున్నారు. అయితే అసలు మెలిక ఇక్కడే ఉంది. మాట ఎలా రాయాలో ప్రమాణం చెప్పింది గానీ, ఆ పక్కన రాసిన పేరు ఏ ఫైలుదో తేల్చుకునే పనిని నడిపించేవాడికే వదిలేసింది. బ్రౌజర్ తన పద్ధతిలో తేల్చుకుంటుంది, నోడ్ తన పద్ధతిలో తేల్చుకుంటుంది. కర్నూలు పోస్టాఫీసు, నెల్లూరు పోస్టాఫీసు అన్నమాట!

పెద్ద బ్రౌజర్లన్నీ దీన్ని 2017, 2018లలో అందుకున్నాయి. నోడ్‌లో ప్రత్యేక మీటలేవీ నొక్కకుండా ఇంపోర్ట్ పనిచేయడం 2019 చివర్లో మొదలైంది. ఈ మధ్యకాలంలో రాసిన పాఠాలు, తీసిన వీడియోలు లెక్కలేనన్ని. కొన్నిటిలో రిక్వైర్, కొన్నిటిలో ఇంపోర్ట్. మా పిల్ల ఒక పాత వీడియో చూసి సగం, కొత్తది చూసి సగం రాసింది. మిగిలింది చాట్‌బాట్‌ను అడిగితే అది కూడా రెండూ కలిపి వడ్డించింది. ఒకే ఇంట్లో అణాల లెక్క, నయాపైసల లెక్క కలిపి రాసినట్టు!

ఎవరు చదువుతున్నారు?

‘‘ముందు ఒకటి చెప్పు. ఆ ఎర్రక్షరాలు యాడ కనపడుతుండాయి? సర్వర్ నడిపే నల్ల కిటికీలోనా, బ్రౌజర్‌లోనా?’’

కాసేపు నిశ్శబ్దం. ‘‘రెండిట్లోనూ మామా. నేను రెండూ ఒకటే అనుకున్నా.’’

ఇదే మొదటి పాఠం. పొరపాటు ఏమిటని అడిగే ముందు, ఆ వరుసను ఎవరు చదువుతున్నారని అడగాలి. నోడ్ చదువుతోందా, బ్రౌజర్ చదువుతోందా? అది తెలియకుండా మందు వేస్తే ఒక రోగం పోయి ఇంకోటి వస్తుంది. ఆమె మూడు రోజులుగా చేస్తున్నది అదే.

బ్రౌజర్‌లో ‘రిక్వైర్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని వచ్చింది. అంటే ఆ మాటే నాకు తెలియదు అంటోంది. దాన్ని ఇంపోర్ట్‌గా మార్చింది. అప్పుడు ‘క్యాన్నాట్ యూజ్ ఇంపోర్ట్ స్టేట్‌మెంట్ అవుట్‌సైడ్ ఎ మాడ్యూల్’ అని వచ్చింది. ఈ వాక్యం గడుసుది. బ్రౌజర్‌లోనూ వస్తుంది, నోడ్‌లోనూ వస్తుంది. మందులు మాత్రం వేరువేరు. బ్రౌజర్ అయితే పేజీలో ఫైలును పిలిచే స్క్రిప్ట్ ట్యాగ్‌లో ‘టైప్’కు ఎదురుగా ‘మాడ్యూల్’ అని రాయాలి. నోడ్ అయితే ‘ప్యాకేజ్ డాట్ జేసన్’ అనే ఫైలులో అదే జంట రాయాలి. లేదా ఫైలు పేరు చివర జేఎస్ బదులు ఎంజేఎస్ పెట్టాలి. ఇటీవలి నోడ్‌లు చాలావరకు తామే పసిగడుతున్నాయి గానీ, మా పిల్ల దగ్గరున్నది పాతది.

ప్యాకేజ్ ఫైలు మార్చగానే ఆమె పాత ఫైళ్లలో రిక్వైర్ ఉన్నవన్నీ ఒక్కసారిగా గగ్గోలు పెట్టాయి. ‘‘చూశావా మామా, నేను చెప్పలా!’’ అంది ఏడుపు గొంతుతో. భయపడాల్సిందేం లేదు. ఇల్లంతా కొత్త పద్ధతికి మారిందని చెప్పాం కదా, పాత పద్ధతి వాళ్లు అడ్డం తిరిగారు. అలాంటివాటిని కొత్త పద్ధతిలో తిరగరాయాలి. తీరిక లేకపోతే వాటి పేరు చివర సీజేఎస్ అని పెట్టాలి. ‘వీళ్లు పాత పద్ధతి, వీళ్లనిట్లా ఉండనీ’ అని నోడ్‌కు చెప్పినట్టవుతుంది. ఆమెవి మూడే ఫైళ్లు. పది నిమిషాల్లో తిరగరాసింది.

‘‘పేజీ ఎట్టా తెరుస్తుండావు?’’ అని అడిగాను. ‘‘ఫైలు మీద రెండుసార్లు నొక్కి’’ అంది. అదీ పనికిరాదు. డిస్కులోంచి నేరుగా తెరిచిన పేజీ ఇంకో మాడ్యూల్‌ను పిలిస్తే భద్రత కోసం బ్రౌజర్లు అడ్డుకుంటాయి. మన కంప్యూటర్‌లోనే చిన్న సర్వర్ నడిపి దాని చిరునామాతో తెరవాలి. ఆమె దగ్గర సర్వర్ ఎలాగూ ఉంది. దాని ద్వారా తెరిచింది. ఎర్రక్షరాల్లో సగం పోయాయి.

పేరు చాలదు, చిరునామా కావాలి

మిగిలినదానిలో మొదటిది అచ్చం మా తాతగారి శుభలేఖే. తేదీలను చక్కగా చూపించే చిన్న ప్యాకేజీ ఒకటి ఆమె వాడింది. ఇంపోర్ట్ పక్కన దాని పేరు మాత్రం రాసింది. సర్వర్ వైపు దివ్యంగా పనిచేసింది. బ్రౌజర్ మాత్రం ఆ పేరు ఎవరిదో తేల్చుకోలేకపోతున్నానని మొత్తుకుంది.

ఉదయగిరిలో బస్సు దిగి ‘పెంచలయ్య ఇల్లెక్కడ?’ అని అడగండి. ఆ వీధివాళ్లకు తెలియకపోతే పక్క వీధివాళ్లు, వాళ్లకూ తెలియకపోతే ఊరి పెద్దలు చెబుతారు. నోడ్ చేసేది ఇదే. వట్టి పేరు కనిపిస్తే ముందు ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌లో ‘నోడ్ మాడ్యూల్స్’ అనే అరలో వెతుకుతుంది. లేకపోతే దాని పై ఫోల్డర్‌లో, ఆపైన ఇంకా పై ఫోల్డర్‌లో, అలా చివరిదాకా వెళ్తుంది. బ్రౌజర్ అలా కాదు. అది పొరుగూరి మనిషి. హైదరాబాద్‌లోనో, దుబాయ్‌లోనో ఎవరి ఫోన్లోనో ఉంది. దానికి పెంచలయ్య ఎవరో తెలియదు. పూర్తి చిరునామా ఇవ్వాలి. లేదా ‘నువ్వున్న చోటినుంచి ఇటు రా’ అని దారి చెప్పాలి. అందుకే అది పేరు ముందు చుక్క, గీత అడుగుతుంది. చిత్రమేమిటంటే క్రోమ్‌లో వచ్చే ఆ ఎర్ర సందేశంలోనే ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంటుంది. భయంలో ఎవరూ చివరిదాకా చదవరు!

దీనికి రెండు దారులు. ఒకటి, పేజీ మొదట్లో ‘ఫలానా పేరంటే ఫలానా చిరునామా’ అని పట్టిక ఇవ్వడం. దీన్ని ఇంపోర్ట్ మ్యాప్ అంటారు. 2023 నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటిలో పనిచేస్తోంది. అయితే పిలిచే ప్యాకేజీ కూడా కొత్త పద్ధతిలో రాసినదై ఉండాలి. రెండోది వెబ్‌ప్యాక్, వీట్ లాంటి పనిముట్లు వాడటం. అవి పేర్లన్నీ ముందే వెతికి, చిరునామాలు సరిచేసి, బ్రౌజర్‌కు మూట కట్టి ఇస్తాయి. పెద్ద ప్రాజెక్టులు చేసేవాళ్లకు ఇదే మేలు. రాత్రి పన్నెండయింది, పొద్దున రివ్యూ. మేం పట్టిక దారే పట్టాం.

విగ్రహం వచ్చింది, కోట రాలేదు

చివరిది అన్నిటికన్నా పెద్దది. ధర లెక్క ఫైలులోనే ఆమె ధరల జాబితాను డిస్కులోంచి చదువుతోంది. డేటాబేసు పాస్‌వర్డు కూడా అక్కడే రాసి పెట్టింది. డిస్కులోని ఫైళ్లు చదివే పని నోడ్‌కు చేతనవును. బ్రౌజర్‌లో అది లేదు, ఉండకూడదు కూడా. ఏదో వెబ్‌సైటు తెరవగానే అది మన కంప్యూటర్‌లోని ఫైళ్లన్నీ చదివేస్తే ఊరుకుంటామా? పాస్‌వర్డు సంగతి ఇంకా ఘోరం. బ్రౌజర్‌కు పంపిన ఫైలును ఎవరైనా తెరిచి చదవొచ్చు. అంటే ఇంటి తాళంచెవిని సరుకుతోపాటు కొన్నవాడికే పంపినట్టు. ఈసారి ఎర్రక్షరాలే ఆ పిల్లను కాపాడాయి!

‘‘ఉదయగిరి కథ తెలుసు కదా. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి దుర్గం గెలిచాడు. బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరం తీసుకెళ్లి గుడి కట్టించాడు. విగ్రహాన్ని తీసుకెళ్లాడు గానీ కోటను తీసుకెళ్లలేదు కదా! ఏది ప్రయాణం చేయగలదో దాన్నే విడదీసి పట్టకపోవాల’’ అన్నాను.

‘‘నువ్వు ఏదో ఒకటి చెప్తావులే మామా’’ అంది గానీ, విషయం పట్టేసింది. ఫైలును రెండుగా చీల్చింది. వట్టి లెక్క ఒక ఫైలులో. దానికి ధరలూ, బరువూ బయటినుంచి అందిస్తే మొత్తం చెబుతుంది, అంతే. డిస్కు తెలియదు, తెర తెలియదు, ఎక్కడ ఉన్నదీ తెలియదు. అందుకే ఎక్కడైనా బతుకుతుంది. జాబితా చదవడం, పాస్‌వర్డు ఇంకో ఫైలులో. అది సర్వర్ గడప దాటదు.

ఒంటిగంటకు రెండువైపులా ఒకే మొత్తం కనిపించింది. ఆ సంతోషంలో కాలేజీ సర్వర్ మీదికి ఎక్కించింది. మళ్లీ ఎర్రక్షరాలు! ఫైలే లేదట. చూస్తే ఫైలు పేరు మొదటి అక్షరం పెద్దబడి, ఇంపోర్ట్‌లో రాసింది చిన్నబడి. ఇంట్లోని విండోస్ రెండిటినీ ఒకటిగానే చూస్తుంది. సర్వర్‌లోని లినక్స్ వేరుగా చూస్తుంది. పేరు చివర జేఎస్ అన్న తోక వదిలేసినా ఈ కొత్త పద్ధతి ఒప్పుకోదు. పెద్దబడి, చిన్నబడి గొడవ లేని మన తెలుగే నయం అనుకుని దాన్నీ సరిచేశాం.

ఇంట్లోవాళ్లకో మాట

ఈ కబురు ప్రోగ్రాములు రాసేవాళ్లకోసమే కాదు. మీ ఇంట్లో కూడా అర్ధరాత్రి ఎర్రక్షరాల ముందు కూర్చుని తనను తాను తిట్టుకునే పిల్లో పిల్లాడో ఉండొచ్చు. మన పల్లెల్లో, చిన్న ఊళ్లలో చదివే పిల్లలకు ఒక జబ్బుంది. పని జరగకపోతే తమ చదువుదే లోపమనీ, ఊరిదే లోపమనీ అనుకుంటారు. పెద్ద నగరాల్లో పెద్ద జీతాలు తీసుకునేవాళ్లు కూడా ఇదే ఇంపోర్ట్ దగ్గర తలపట్టుకుంటారని వాళ్లకు ఎవరూ చెప్పరు. ఇది తెలివితక్కువతనం కాదు. ఒక భాష రెండు చోట్ల వేరువేరుగా పెరిగి, ఆలస్యంగా కలిసినప్పుడు మిగిలిన అతుకు.

మీకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు. పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి. ‘‘ఈ వరుసను చదివేది ఎవరమ్మా?’’ సమాధానం చెప్పడానికి వాళ్లు తల ఎత్తుతారు. సగం పని అక్కడే అవుతుంది.

మర్నాడు సాయంత్రం ఫోను. రివ్యూలో మాస్టారు ‘ఒకే లెక్కను రెండుచోట్ల ఎందుకు వేస్తున్నారు, దండగ కదా?’ అని అడిగారట. కొన్నవాళ్లు లెక్క మార్చే వీలుందనీ, చెంచాలు చేసినవాళ్లకు మాట రాకూడదనీ ఈమె వివరంగా చెప్పిందట. ఆయన ఇంకేమీ అడగలేదట.

‘‘మరి డీఎస్సీ?’’ అన్నాను.

‘‘పుస్తకాలు కొనేశాగా మామా, అదీ రాస్తా. సరేగానీ, మీకు చెంచాలు పంపిస్తుండాం. మా సైటులో మొదటి ఆర్డరు మీదే. అడ్రసు చెప్పు’’ అంది.

చెప్పాను. ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా, చివర్లో పిన్‌కోడు. ఒక్క అంకె కూడా వదల్లేదు!